పలకలో లేని మాట

మా దీవిలోని ఫాంగావాయి ఊళ్ళో నా గొంతును మించిన గొంతు సముద్రానికొక్కదానికే ఉందని మా తమ్ముడు సెతెఫానో అనేవాడు. అందులో అబద్ధం లేదు. మా కుటుంబానికి తాతల నాటి నుంచి వచ్చిన పని మాట్లాడటం. పెళ్ళయినా, చావయినా, ఊరి సభలో తగవయినా, మా పెద్దల తరఫున కర్ర నేలకు ఆనించి, వక్త గుర్తుగా పీచు కుంచె భుజాన వేసుకుని లేచి నిలబడేవాణ్ణి నేనే. నేను లేచానంటే అవతలి పక్షం వాళ్ళు చాపల మీద సర్దుకుని కూర్చునేవారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాను. సీమపనస ముక్క నోట్లో పెట్టుకున్నాక నమలడం ఎలాగో గుర్తు రాలేదు.

"ఏంటలా చూస్తారు? ఉప్పు తక్కువైందా?" అంది నా భార్య మొయెలాంగి.

కాదు అందామనుకున్నాను. మాట రాలేదు. చొంగ కారింది.

కుడి చెయ్యి, కుడి కాలు, నాలుక మూడూ ఒక్కసారే పోయాయి. మాట బుర్రలోనే ఉందనీ, నోటిదాకా వచ్చే దారి తెగిందనీ ఆసుపత్రి నర్సు చెప్పింది. ఎడమ చేతికి పెన్సిలిస్తే గీతలొచ్చాయి గాని అక్షరాలు రాలేదు. అవునో కాదో తల ఊపి చెప్పమన్నారు. అప్పటికే నా మెడ నా అదుపులో లేదు, పొద్దస్తమానం అటూ ఇటూ ఊగుతూనే ఉండేది. వాటన్నిటికంటే పెద్ద అవమానం ఇంకొకటుంది. నాకు కోపం వచ్చినా, నవ్వు వచ్చినా, దాహం వేసినా కళ్ళల్లోంచి నీళ్ళే వచ్చేవి. "పాపం, మనసు కరిగిపోయింది" అనేవారు చూసినవాళ్ళు. మనసు కరగలేదయ్యా, చీమ కుడుతోంది అని చెప్పే దారి లేదు.

పలకను తెచ్చింది లూసిలా. సెతెఫానో కూతురు, అపియా పట్నంలో నర్సు చదువు చదువుతోంది. సెలవులకు వస్తూ, పడవ ఎక్కేముందు చైనావాళ్ళ దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా చవకైన ట్యాబ్ కొనుక్కొచ్చింది.

"పెదనాన్నా, ఇదిగో నీ కొత్త నాలుక" అని ఒళ్ళో పెట్టింది.

దానికి పలక అని పేరు పెట్టింది మొయెలాంగి. నిజంగానే చిన్నప్పుడు పాస్టరు గారి బడిలో దిద్దిన పలకంతే ఉంది. బరువు లేదు. కొత్త ప్లాస్టిక్ వాసన కొట్టింది. అది వెలిగేముందు ఆ నల్లటి అద్దంలో నా మొహం కనబడింది. జబ్బు చేసిన తర్వాత నేను అద్దం చూసుకోలేదు. నోరు ఒక పక్కకు జారిపోయి, గోనెసంచి మూతిలా ఉంది. కాసేపటికి పలక వెలిగి నా మొహం మాయమైంది. అందుకు మటుకు దానికి మనసులోనే దణ్ణం పెట్టాను.

అది పూర్తిగా మేలుకోవడానికి పట్టిన సేపట్లో మొయెలాంగి కోకో కాచి తెచ్చింది.

"ఇది నాకంటే బద్ధకంగా ఉందే" అంది.

"చవకది కదా పెద్దమ్మా, కాస్త నిదానం. రెండుసార్లు నొక్కకూడదు, ఒకసారి నొక్కి ఆగాలి."

నా వేలు సంగతి లూసిలాకు తట్టలేదు. చామదుంపలు తవ్వీ, వలలు లాగీ బండబారిన వేలది. అద్దం మీద పెడితే పలకకు మనిషి ముట్టుకున్నట్టే తెలియలేదు. గట్టిగా నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకా గట్టిగా నొక్కితే పలకే ఒళ్ళోంచి జారి కింద పడింది. చివరికి తడిగుడ్డ తెచ్చి వేలు తుడిచింది లూసిలా. అప్పుడు తెలిసింది దానికి. ఆ రోజు నుంచి నా పక్కన ఒక గిన్నెలో నీళ్ళూ, గుడ్డా ఉండేవి. మాట్లాడే ముందు వేలు తడుపుకోవాలి.

దానికి వెలుతురు కూడా గిట్టదు. మా ఇళ్ళకు గోడలుండవు. నేను పడుకున్న చోటి నుంచి రోడ్డూ, చర్చీ, దాటితే సముద్రమూ కనబడేవి. ఎవరు బస్సు దిగారో, ఎవరి పంది ఎవరి తోటలో పడిందో నాకు తెలిసేది. ఆ వెలుతురులో పలక మీద ఏమీ కనిపించదని నా వైపు కొబ్బరాకు తడికలన్నీ దించేశారు. దాంతో రోడ్డు పోయింది, సముద్రం పోయింది. నేనూ, ఆ వెలిగే గాజు ముక్కా మిగిలాం.

పలక మీద పన్నెండు గళ్ళు వచ్చాయి. గడికొక బొమ్మ. బొమ్మ మీద వేలు పెడితే లోపలి నుంచి లూసిలా గొంతు పలుకుతుంది. గడిని నొక్కి పట్టుకుంటే ఎర్ర చుక్క వెలుగుతుంది, వెలిగినంతసేపూ ఏది వినబడితే అది అందులోకి పోతుంది. అలా తన గొంతుతో నింపింది ఆ పిల్ల. నీళ్ళు, అన్నం, దొడ్డికి, నొప్పి, అలసట, ఉక్క, చలి, కృతజ్ఞతలు. ఇవి ఆసుపత్రివాళ్ళు పెట్టమన్నవి. ఇంకా నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఇంట్లో అందరూ చుట్టూ చేరారు.

"'మందు వేసుకున్నాను' అని ఒకటి పెట్టు. రోజూ అడగలేక ఛస్తున్నాను" అంది మొయెలాంగి.

"'ప్రార్థన చేసుకుందాం' ఉండాలి కదమ్మా" అన్నారు చూడటానికి వచ్చిన పాస్టరు గారు.

సెతెఫానో గొంతు సవరించుకున్నాడు. "ఊరి పెద్దలు పలకరించడానికి వస్తుంటారు. అన్నయ్య స్థాయికి తగిన జవాబొకటి ఉండొద్దూ? 'సెతెఫానో మాటే నా మాట' అని పెట్టవే. అప్పుడు మర్యాదగా నేనందుకుని మాట్లాడతాను."

అందులో కపటం లేదు. వాడికి నా మీద ప్రాణం. నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రి బండి ఎక్కించింది వాడే.

"ఇంకొక్కటే ఉంది. 'వద్దు' పెట్టనా?" అంది లూసిలా.

"ఎందుకే!" అని నవ్వాడు సెతెఫానో. "బతికినన్నాళ్ళూ మీ పెదనాన్న ఊరందరికీ వద్దు అనే చెప్పాడు. ఇకనైనా జనాన్ని సుఖపడనీ!"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"చూశారా, ఎంత సంతోషమో" అన్నారు పాస్టరు గారు.

ఆ ఆఖరి గడి పిల్లలకు పోయింది. 'అల్లరి ఆపండర్రా' అని పెట్టించింది మొయెలాంగి. ఇంకో పేజీ పెడదామని లూసిలా చూసింది గాని, రెండో పేజీ తిప్పగానే పలక బిగుసుకుపోయింది. దాని శక్తి అంతే. నా శక్తీ అంతే అని తేల్చారు.

నా కొత్త నాలుకతో మొదట మాట్లాడింది ఇయోపుతో. ఇయోపు అవతలి కుటుంబం తరఫు వక్త. ఊరి సభలో ఇద్దరం జీవితమంతా కోడిపుంజుల్లా పోట్లాడుకున్నాం. కొబ్బరి బొండాం పట్టుకుని వచ్చి, చాప మీద కూర్చుని, పద్ధతి ప్రకారం నా వంశాన్నీ, మా ఊరినీ కీర్తించి ఆగాడు. ఇక నా వంతు. నా లోపల జవాబు సిద్ధంగా ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట వాళ్ళ తాత పడవ గురించి ఒక సామెత దాచి ఉంచాను, వేస్తే వారం రోజులు తేరుకోడు. వేలు తడుపుకుని పలక మీద పెట్టాను.

"దొడ్డికి!" అంది ఇరవయ్యేళ్ళ ఆడపిల్ల గొంతు.

ఇయోపు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. లేచి, నా చంక కింద చెయ్యి వేసి, "పద పెసమినో" అన్నాడు. అవసరం లేకపోయినా వెళ్ళవలసి వచ్చింది.

పిల్లలు పలకలో ఏవో ఆటలు దింపుకున్నారు. ఆ రోజు నుంచి దానికి దయ్యం పట్టింది. సాయంత్రం ఊరంతా నిశ్శబ్దంగా ప్రార్థనకు కూర్చున్న వేళ, ఎవరో అమ్మాయి అందులోంచి లేచి మొహానికి రాసుకునే క్రీము గురించి పాట పాడింది. మొయెలాంగి దాన్ని దిండు కింద కుక్కింది. దిండు కింద నుంచి కూడా పాడింది.

ఇలా ఉండగా లూసిలా సెలవులు అయిపోవచ్చాయి. తెల్ల యూనిఫాం ఉతికి తీగ మీద ఆరేసుకుంది. పని చేసుకుంటూ ఎముకల పేర్లు పాటలా పైకి చెప్పుకునేది. నన్ను పక్కకు తిప్పుతూ, "ఇది భుజం ఎముక, పెదనాన్నా, దీన్ని ఇలా పట్టుకుంటే నీకు నొప్పి పుట్టదు" అనేది. నిజంగానే పుట్టేది కాదు.

ఆదివారం భోజనాలయ్యాక సెతెఫానో అందరినీ కూర్చోబెట్టాడు.

"వదిన మోకాళ్ళు వంగడం లేదు. అన్నయ్యను లేపాలంటే పద్ధతి తెలిసుండాలి. ఆ పలక మరమ్మతూ ఈ పిల్లకే తెలుసు. అందుకని ఒక మాట అనుకున్నాం. లూసిలా ఇక్కడే ఉంటుంది. చదువు ఎక్కడికీ పారిపోదు. ఒక ఏడాది ఆగితే కొంప మునగదు."

ఒక ఏడాది సంగతి నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా పెద్దత్తను కూడా ముసలి తాతకోసం ఒక ఏడాది ఆపారు. తాతకు ఆయుష్షు గట్టిది. అత్తకు నెరిసిన జుట్టే నాకు గుర్తు.

లూసిలా తల వంచుకుని చాప అంచును వేళ్ళతో దువ్వుతోంది. "సరే నాన్నా" అంది. మా దగ్గర పిల్లలు అలాగే అంటారు. పెద్దలకు సేవ చేసినవాళ్ళే పెద్దవాళ్ళవుతారని వాళ్ళకు నేర్పింది నేనే. ఎన్ని సభల్లో చెప్పానో ఆ మాట, ఎంత బాగా చెప్పానో.

వద్దు. వద్దురా. పంపించు దాన్ని. నా లోపల మాట కొట్టుకుంటోంది. నోరు తెరిచాను, మూలుగు వచ్చింది. తల ఊపాను, అది ఎప్పుడూ ఊగేదే. కళ్ళు కారడం మొదలైంది.

"చూడండి, అన్నయ్య ఎంత కదిలిపోయాడో" అన్నాడు సెతెఫానో. తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

పలక అందుకున్నాను. నొప్పి అనే గడి నొక్కాలి. నొప్పి అంటే కనీసం ఆగుతారు, ఆలోచిస్తారు. వేలు తడుపుకునే తీరిక లేదు. నొక్కాను, పలకలేదు. మళ్ళీ నొక్కాను. చెయ్యి వణికి ఎక్కడెక్కడో తగిలింది. పలక ఆలోచించుకుంది. అందరూ దాని వైపే చూస్తున్నారు. అప్పుడు తాపీగా, తియ్యగా పలికింది.

"సెతెఫానో మాటే నా మాట."

ఒక క్షణమాగి, ఇందాకటి ఇంకో నొక్కు గుర్తుకొచ్చినట్టుంది దానికి. "కృతజ్ఞతలు" అంది.

చప్పట్లు కొట్టారు. సెతెఫానో వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టాడు. లూసిలా గొంతు పలికిన మాటలకు లూసిలాయే కట్టుబడిపోయింది. ఆ పిల్ల నా వైపు చూసిన చూపులో నిష్టూరం లేదు. అంతకంటే ఘోరం, నమ్మకం ఉంది. పెదనాన్న కూడా అదే కోరుకున్నాడు కదా అని.

మర్నాడు యూనిఫాం మడతపెట్టి వాళ్ళ అమ్మ పెట్టెలో అడుగున పెట్టింది. ఎముకల పాట ఆగిపోయింది.

ఆ రోజుల్లో నేను తడికల వెనక పడుకుని ఆ పలకనే చూస్తూ ఉండేవాణ్ణి. పన్నెండు గళ్ళు, పన్నెండు తలుపులు, ఒక్కటీ నాక్కావలసిన చోటికి తెరుచుకోదు. ఎవరో మంచివాళ్ళు, నన్ను ప్రేమించేవాళ్ళు, నాకు ఏమేం కావాలనిపించవచ్చో ఆలోచించి ఆ మేరకు కంచె కట్టేశారు. కోపంతో దాన్ని అవతలకు తోసేస్తే "అలసిపోయాడు" అని తీసి పక్కన పెట్టేవారు. తోసెయ్యడానికి కూడా వాళ్ళ దగ్గర ఒక గడి ఉంది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. తడి ఆరని బొటనవేలు పలక మీద పడి ఉండిపోయింది. చూస్తే ఎర్ర చుక్క వెలుగుతోంది. ఉలిక్కిపడి వేలు తీశాను. కాసేపటికి తేరుకుని, ఆ గడి నొక్కాను. 'నొప్పి' పోయింది. పెరట్లోని కోడిపుంజు పలకలోంచి కూసింది.

సాయంత్రం పిల్లలకు పండగైంది. "తాతకు నొప్పెడితే కొక్కొరొకో!" అని దొర్లి దొర్లి నవ్వారు. 'అల్లరి ఆపండర్రా' నొక్కితే మరీ నవ్వారు. లూసిలా దాన్ని మళ్ళీ సరిచేసింది. "నువ్వు నొక్కి పట్టుకున్నావు పెదనాన్నా, జాగ్రత్త" అంది.

జాగ్రత్తగానే ఉన్నాను. నాకు గొంతు లేదు. గొంతులున్నవాళ్ళు ఇంటినిండా ఉన్నారు. నాక్కావలసిన మాట ఎవరో ఒకరు అనకపోరు. అదీ కాక, నేను కట్టుకున్నది మొయెలాంగిని. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోటి వెంట ఎక్కువగా విన్నది ఆ మాటే. పలకను పొట్ట మీద పెట్టుకుని, 'సెతెఫానో మాటే నా మాట' గడి మీదికి తడి వేలు ఎత్తి పట్టుకుని కాచుకుని ఉన్నాను.

నా ఖర్మ ఏమిటంటే, జబ్బు మనిషి ఇంట్లో ఉండి ఆమె మెత్తబడిపోయింది. పొరుగావిడ నూనె అడిగితే, "తీసుకెళ్ళమ్మా." పిల్లలు సముద్రానికి పోతామంటే, "చీకటి పడకముందు రండి." పంది చామ తోటలో పడిందని ఎవరో చెప్పుకొస్తే, "పాపం, దానికీ ఆకలి కదా" అంది! నా చెవులను నేను నమ్మలేకపోయాను.

శుక్రవారం సెతెఫానో భార్య తిరేసా వచ్చి, తన చర్చి ఆడవాళ్ళ వంటకి మా పెద్ద గిన్నె అడిగింది. ఆ గిన్నె మొయెలాంగికి పుట్టింటివాళ్ళిచ్చింది. కిందటిసారి తిరేసా దాన్ని సొట్టతో తిరిగిచ్చింది. నేను నొక్కి పట్టుకున్నాను. ఎర్ర చుక్క వెలిగింది.

"కుదరదు!" అంది మొయెలాంగి. "ఎన్నిసార్లు చెప్పించుకుంటారు? కుదరదంటే కుదరదు! ఇంకోసారి అడిగితే చీపురు తిరగేస్తాను!"

వేలు తీశాను. కళ్ళమ్మట ధారగా కారుతోంది.

"అయ్యో, మా అరుపులకు బావగారు బెదిరిపోయారు" అంది తిరేసా.

ఆదివారం పాస్టరు గారినీ, ఇయోపునూ పిలిచాడు సెతెఫానో. లూసిలా సేవకు పూనుకుందని పెద్దల ఎదుట చెప్పి, ఆశీర్వాదం ఇప్పించాలని. తిండి బాగా జరిగింది. పంది మాంసం, చామదుంప, కొబ్బరిపాలు పోసి ఆకుల్లో ఉడికించిన ముద్దలు. ఆఖరి ముద్దల్లో ఉండగా సెతెఫానో లేచి నిలబడ్డాడు. వాడు చక్కగా మాట్లాడతాడు, నా దగ్గర నేర్చినవాడే. కూతుర్ని చూసి గర్వపడుతున్నానన్నాడు. అన్నయ్య నోటితోనే ఆ మాట వినండన్నాడు. నా వేలికి శ్రమెందుకని తనే వంగి, తన గడి తనే నొక్కాడు.

పలక ఆలోచించుకుంది.

"కుదరదు! ఎన్నిసార్లు చెప్పించుకుంటారు? కుదరదంటే కుదరదు! ఇంకోసారి అడిగితే చీపురు తిరగేస్తాను!"

ఎవరి చేతిలో ముద్ద వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. పాస్టరు గారు దగ్గారు. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత తిరేసా నవ్వాపుకోలేకపోయింది. మొయెలాంగి రెండు చేతులతో మొహం కప్పుకుంది. "అయ్యయ్యో, అది నేను! గిన్నె గురించి! నేను పాస్టరు గారినేమీ అనలేదు!"

సెతెఫానో మొహం కందిపోయింది. "ఎవర్రా దీన్ని పాడు చేసింది? లూసిలా! పెద్దల ముందు ఇదా నువ్వు చేసే పని?"

"నేను కాదు నాన్నా, ఒట్టు..."

ఇక దాన్ని బాగు చేయించి మళ్ళీ నొక్కుతారు. పని జరిగిపోతుంది. నేను పలకను నా వైపు లాక్కున్నాను. గిన్నెలో వేలు ముంచాను. తొందరపడలేదు. ఒకసారి నొక్కి ఆగాను.

"కుదరదు!"

లూసిలా వైపు చూస్తూ మళ్ళీ నొక్కాను. సెతెఫానో వైపు చూస్తూ మళ్ళీ. చీపురు మాట వచ్చినప్పుడల్లా పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు. కళ్ళు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి.

"అన్నయ్యకు అలసటగా ఉంది, పడుకోబెట్టండి" అన్నాడు సెతెఫానో.

"కూర్చోవయ్యా" అన్నాడు ఇయోపు. గట్టిగా అనలేదు. ఊరి సభలో అన్నట్టు అన్నాడు. "ఆయన మాట్లాడుతున్నాడు. ఒకళ్ళు మాట్లాడుతుంటే అడ్డం రావడం ఎక్కడ నేర్చుకున్నావు?"

చాప మీద ముందుకు జరిగి నా ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నోసార్లు అలాగే ఎదురెదురుగా కూర్చున్నాం.

"పెసమినో, కాసిని కోకో తాగుతావా?"

నొక్కలేదు.

"మీ తాత కంటే మా తాత పెద్ద వక్త. ఒప్పుకుంటావా?"

"కుదరదు!" అంది పలక. పాస్టరు గారు కూడా నవ్వేశారు.

ఇయోపు నవ్వలేదు. "మీ తమ్ముడి కూతురు చదువు మానేసి నీ దగ్గర ఉండిపోతుంది. అది నీకు ఇష్టమేనా?"

నొక్కాను. మధ్యలో బిగుసుకుంటుందేమోనని ఊపిరి బిగబట్టాను. బిగుసుకోలేదు. చీపురుదాకా పూర్తిగా చెప్పింది. ఈసారి పిల్లలు కూడా నవ్వలేదు.

"విన్నావుగా సెతెఫానో. మెడ చూసి కాదు, వేలు చూసి అర్థం చేసుకోవాలి" అన్నాడు ఇయోపు.

లూసిలా ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. సంతోషంతో అనుకున్నాను, కాదు. "నిన్నెవరు తిప్పుతారు? వీళ్ళకు భుజం పట్టుకోవడం రాదు. పెదనాన్నను వదిలేసి పోయిందని ఊరంతా నన్నే అంటారు. నీకేం, నువ్వు గడి నొక్కేశావు!" అంది. దానికి జవాబు నా పన్నెండింటిలో లేదు. ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు గాని, గట్టిగా పట్టుకోనూ లేదు.

"పొద్దున నేనొస్తాను" అన్నాడు ఇయోపు. "ఎలా పట్టుకోవాలో నేర్పి వెళ్ళు. ఇన్నాళ్ళూ ఈయన్ని పడగొట్టాలని చూశాను, లేపడం ఎంతపని?"

సెతెఫానో లేచి వెళ్ళిపోయాడు. వాణ్ణి పాస్టరు గారి ముందు, నా ప్రత్యర్థి ముందు చిన్నబుచ్చాను. చెవిలో చెప్పగలిగిన రోజుల్లో అయితే అలా చేసేవాణ్ణి కాను. నాకున్న ఒకే ఒక్క మాటకు మెల్లగా పలకడం రాదు.

లూసిలా వెళ్ళేలోపు ఇయోపుకూ, మొయెలాంగికీ నన్ను తిప్పడం నేర్పింది. ఎముకల పేర్లతో సహా నేర్పింది. ఇయోపు వాటిని ప్రసంగంలా అప్పజెప్పేవాడు. తెల్లవారి బస్సు వచ్చినప్పుడు నా దగ్గర వంగి, "మళ్ళీ సెలవులకు వస్తాను. ఈలోపు పలకను నేలకు కొట్టకు" అంది. తడికలు దించి ఉన్నాయి. ఆమె బస్సెక్కడం నేను చూడలేదు. చప్పుడు విన్నాను, అంతే.

ఆమె లేని ఇల్లు ఇంకా ఇరుకైంది. ఇయోపు పొద్దున వచ్చి మోటుగా, నొప్పిగా తిప్పుతాడు. నొప్పి అని నొక్కితే, "తెలుసు" అంటాడు. మిగిలిన పగలంతా నేనూ, నా గళ్ళూ. వద్దు అనడం చేతనయింది గనుక ఇప్పుడు చాలావాటికి వద్దంటున్నాను. కాని ఏది వద్దో చెప్పినంత మాత్రాన ఏది కావాలో చెప్పినట్టు కాదు.

సెతెఫానో చాలా రోజులు గుమ్మం తొక్కలేదు. ఒక సాయంత్రం వచ్చి, చెప్పకుండానే పక్కన కూలబడ్డాడు. పలకను ఒళ్ళోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అపియా నుంచి ఫోను చేసింది. నన్ను తిట్టింది. నీకేం మాటలు కావాలో నిన్నే అడిగి పెట్టమంది" అన్నాడు. "అడుగుతాను, కాకపోతే చీపురు గడి నొక్కు. కావాల్సింది వచ్చినప్పుడు నొక్కకు. సరేనా?"

నొక్కలేదు.

"కోపమొచ్చింది, అనా?" కుదరదు. "రేడియో?" కుదరదు. "వీపు దురద? దిండు? చర్చి? చుట్ట?" కుదరదు, కుదరదు. మొయెలాంగి పొయ్యి దగ్గర నుంచి, "ఆ గొంతుతో మటుకు పెట్టకండి, పక్కవాళ్ళు నేను గయ్యాళినంటున్నారు" అని కేకేసింది.

నేను చెప్పాలనుకున్నది చిన్నదే. నీ కూతుర్ని బాగా పెంచావురా, నిన్ను అందరిలో అవమానించినందుకు ఏమీ అనుకోకు. రెండు వాక్యాలు. ఒకప్పుడు వాటికి ముందు వంశావళి చెప్పి, సామెత వేసి, వాడి కళ్ళమ్మట నీళ్ళు తెప్పించి గాని వదిలేవాణ్ణి కాదు. వాడు నా మొహంలోకి చూస్తూ, తెలిసిన వస్తువులన్నీ ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ఆ రెండు వాక్యాలు వాడికి తట్టే దారిలో లేవు. వస్తువుల పేర్లు అడిగితే దొరికేవి కావవి. చెమటలు పట్టాయి వాడికి. అయినా లేవలేదు.

"రొట్టె?" అన్నాడు చివరికి, అలిసిపోయి. "దుకాణంలో వేడిది. వెన్న రాసి. అదేనా అన్నయ్యా?"

నా తడి వేలు గడి మీదే ఉంది. వాడి మొహం చూశాను. నొక్కకుండా తీసేశాను.

"రొట్టె!" అని అరిచాడు సెతెఫానో. "వదినా, రొట్టె అట! ఇంతసేపూ రొట్టె కోసం!" అంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా దుకాణానికి పరిగెత్తాడు.